ఇగ్నిస్ ఇంకెన్నాళ్ళు?

పొగాకు వేలం బాగా సాగిన ఏడాది మా జంగారెడ్డిగూడెంలో కొత్త కార్లు వరసగా దిగుతాయి. బ్రెజ్జా, వెన్యూ, నెక్సాన్... ఎత్తుగా ఉండాలి, అదే ముఖ్యం. మారుతీ ఇగ్నిస్ మాత్రం ఎక్కడో ఒకటి కనిపిస్తుంది. 2017 జనవరిలో వచ్చిన బండి ఇది. మరుసటేడే డీజిల్ రకం ఆపేశారు. 2020లో ముఖం మార్చారు. అయినా అదే షోరూంలో పక్కనే ఉండే బాలెనోతో పోలిస్తే అమ్ముడయ్యేది చాలా తక్కువ.

నాకు మాత్రం ఇది ఇంట్లో ఆడవాళ్ళ అవసరాలు తెలిసి చేసిన కారులా అనిపిస్తుంది. పొడవు 3.7 మీటర్లే కాబట్టి బజారులో కూరగాయల బళ్ళ మధ్య కూడా తిప్పుకోవచ్చు. నేలకి 180 మిల్లీమీటర్ల ఎత్తుంది, మన గతుకులకి అది చాలు. సీటు మరీ కిందకి ఉండదు, పైకెక్కాల్సిన పనీ ఉండదు. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారిని కారెక్కించి దింపినవాళ్ళకి ఆ సుఖం తెలుస్తుంది. కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని ఎత్తు బండి ఎక్కేవాళ్ళకీ తెలుస్తుంది. క్లచ్ తొక్కే పనిలేని ఏఎంటీ రకం కూడా ఉంది.

లోపాలు లేవని కాదు. వెనక ముగ్గురు పెద్దవాళ్ళు ఇరుక్కుని కూర్చోవాలి. డిక్కీ 260 లీటర్లు. ద్వారకా తిరుమల వెళ్ళి రావడానికి సరిపోతుంది గానీ పెళ్ళి సామాను పట్టదు. వెనకనుంచి చూస్తే ఆ ఆకారం, నిజం చెప్పాలంటే, నాకూ నచ్చదు.

కానీ అమ్మకాలు దెబ్బతిన్నది వీటివల్ల అనుకోను. నెక్సా షోరూంకి ఇగ్నిస్ కోసం వెళ్ళినవాళ్ళకి "ఇంకొంచెం వేసుకుంటే బాలెనో వస్తుంది కదండీ" అనిపిస్తుంది. 2023లో ఫ్రాంక్స్ కూడా వచ్చి చేరింది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద పన్ను, సెస్సుతో కలిపి 29 శాతం ఉన్నది, 18కి దిగింది. మంచిదే. అయితే ఆ తగ్గింపు బాలెనోకీ ఫ్రాంక్స్‌కీ కూడా వచ్చింది. ఇక ఇగ్నిస్‌కి ఒరిగిందేమిటి?

హోండా జాజ్ సంగతి చూడండి. వెనక సీటు పైకి మడిస్తే పూలకుండీ నిలువుగా పెట్టుకోవచ్చు, అంత వాటంగా ఉండేది. 2009లో ఎక్కువ ధరతో వచ్చి, 2013లో ఆగి, 2015లో మళ్ళీ వచ్చి, 2023లో పూర్తిగా పోయింది. వాడినవాళ్ళు మెచ్చుకున్నారు. కొనేవాళ్ళే తక్కువయ్యారు.

ఇగ్నిస్‌ని నెక్సాలోంచి తీసి, వ్యాగన్ ఆర్ అమ్మే అరీనా షోరూముల్లో పెట్టాలని నా అభిప్రాయం. ఏఎంటీ ధర ఇంకాస్త దించాలి. టెస్ట్ డ్రైవ్ ఇచ్చేటప్పుడు తాళం ఆయన చేతికిచ్చి మనల్ని వెనక సీట్లో కూర్చోబెట్టడం మానాలి. స్కూటీ మీద పిల్లల్ని బడికి దింపి వచ్చే ఆడవాళ్ళు మా ఊళ్ళో ఎంతమంది లేరు! కొయ్యలగూడెం దాకా వాళ్ళని ఒకసారి నడపనివ్వండి, కొనాలో వద్దో వాళ్ళే చెబుతారు.