కూల్చే ముందు ఫోటో తీసుకోనియ్యండి

చార్మినార్‌ను ఫోటో తీస్తే ఎవ్వరూ అడ్డం రారు. అదే నాంపల్లిల ఏదన్న సర్కారు దఫ్తరు ముందట నిలబడి కెమెరా ఎత్తండి. రెండు నిమిషాలల్ల సెక్యూరిటీ ఉరికొస్తడు. ఎవరి పర్మిషన్ తీసుకున్నవని అడుగుతడు. పాపం ఆయనను అనేదేం లేదు, పైనుంచి చెప్పింది చేస్తడు. మా ప్రశ్న ఆ పైనున్నోళ్లకే. ప్రజల పైసలతో కట్టిన బిల్డింగును ప్రజలు ఫోటో తీసుకుంటే మీకెందుకు భయం?

2020 జూలైల పాత సచివాలయాన్ని కూల్చినప్పుడు చుట్టుపక్కల రోడ్లన్నీ మూసిండ్రు. అండ్ల జీ బ్లాకు ఆరో నిజాం కాలం నాటి సైఫాబాద్ ప్యాలెస్. ఆ కూల్చివేతను చూడనియ్యాలె, ఫోటోలు తియ్యనియ్యాలె అని పాత్రికేయులు హైకోర్టుకు పోవాల్సి వచ్చింది. సర్కారు దగ్గరుండి విలేకరులను లోపలికి తీసుకపోయేటాళ్లకు చాలామటుకు నేలమట్టమైంది. ఇది సీమాంధ్ర పాలనల జరిగింది కాదు. మనం కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంల, మనం ఓట్లేసి గెలిపించిన సర్కారు చేసిన పని.

హైదరాబాద్‌ను మేమే అభివృద్ధి చేసినం అన్నోళ్లకు ఉద్యమంల మనం ఏం జవాబు చెప్పినం? ఉస్మానియా దవాఖానను, హైకోర్టును, 1935 నాటి మొజంజాహి మార్కెట్‌ను, 1939ల తెరిచిన ఆర్ట్స్ కాలేజీని చూపెట్టినం. 1956 కంటె ముందుగాల్నే ఇవన్నీ ఉన్నయన్నం. ఆ రాళ్లు మన తరఫున సాక్ష్యం చెప్పినయి. రాష్ట్రం వచ్చినంక సాక్షితో పని లేదా? 2019ల ఎర్రమంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కడుతమన్నరు. సెప్టెంబరుల హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది కాబట్టి ఆ ప్యాలెస్ మిగిలింది.

గుమ్మటాలు, కమాన్లు ఉన్నవాటి కోసం కొట్లాడెటోళ్లు ఎవరో ఒకరు ఉంటరు. 1950ల నుంచి 1980ల దాకా కట్టిన కాంక్రీటు బిల్డింగుల గతే అధ్వాన్నం. వాటిని వారసత్వమని ఎవ్వరూ అనరు. 1961ల మొదలైన రవీంద్రభారతికి గౌరవం ఉన్నది సరే. ఎంజే రోడ్డు మీద గగన్‌విహార్, చంద్రవిహార్ ముందటినుంచి రోజూ వేలమంది పోతరు, తలెత్తి చూసెటోళ్లెందరు? ఆ కాలపు కట్టడాలల్ల ఎండను ఆపెటందుకు నిలువు పలకలు, గాలికి సిమెంటు జాలీలు, పొడుగు వరండాలు, మొజాయిక్ మెట్లు కనబడుతయి. ఏసీలు లేని నాటి తెలివి అది. ఇయ్యాల ఆ జాలీలను మూసి ఏసీ డబ్బాలు తగిలిస్తున్నరు, ముందటి గోడకు అద్దాలు తొడుగుతున్నరు, మిగిలిన జాగల ఫ్లెక్సీలు.

సనత్‌నగర్ ఆల్విన్‌నే చూడండి. 1942ల మొదలైన కంపెనీ. ఫ్రిజ్‌లు, చేతి గడియారాలు, బస్సు బాడీలు చేసింది. ఆల్విన్ కాలనీ, ఆల్విన్ చౌరస్తా అని పేర్లు మిగిలినయి. ఆ షెడ్లు లోపల ఎట్లుండెనో తెల్వాలంటె ఇప్పుడు రిటైరైన కార్మికుల ఇండ్లల్ల గ్రూపు ఫోటోలు ఎతకాలె, మనుషుల ఎనకాల కనబడే గోడలను చూడాలె. ఉద్యోగ మిత్రులారా, మీ బీరువాలల్ల ఉన్న పదవీ విరమణ సన్మానం ఫోటోలు పారెయ్యకండి. అండ్ల మీ దఫ్తరు కూడా ఉన్నది.

కూల్చుడే వద్దని మొండికేస్తలేం. 2020 జూలై వానలకు ఉస్మానియా వార్డులల్ల నీళ్లు నిలిచిన ఫోటోలు చూసినోళ్లెవ్వరూ రోగులను అండ్లనే ఉంచుమనరు. కొత్త దవాఖానకు 2025 జనవరిల గోషామహల్‌ల శంకుస్థాపన అయింది, మంచిదే. పాతదాన్ని ఏం చేస్తరన్నది వేరే ముచ్చట.

విద్యార్థులకు ఒక మాట. మీ అందరి చేతులల్ల ఫోన్లున్నయి. ఆదివారం పొద్దుగాల ఏడు గంటలకు పోతే బండ్లు అడ్డం ఉండయి. దూరం జరిగి, ఫోన్ వంచకుండ నిలువుగ పట్టి మొత్తం బిల్డింగును ఒకటి తియ్యండి. తర్వాత మెట్లు, కిటికీలు, జాలీ, పేరు పలక. సెల్ఫీ ఆఖరికి. తారీఖు, గల్లీ పేరు రాసిపెట్టండి. వాట్సాప్‌ల పంపితె ఫోటో చిన్నగైతది, అసలుది వేరే దాచండి.

సర్కారును అడిగేది ఒక్కటే. ఏ ప్రభుత్వ కట్టడాన్ని కూల్చాలన్నా ముందుగాల నాలుగు దిక్కుల నుంచి, లోపట గది గదికి ఫోటోలు తీయించాలె. ప్లాన్‌లతో సహా ఒక ప్రతి తార్నాక రాష్ట్ర పురావస్తు పత్రాల భాండాగారంల పెట్టాలె, ఎవరడిగినా చూపెట్టాలె. అది అయినంకనే జేసీబీ గేటు దాటాలె.