మోకాళ్లకు ఆసరా – మంచి చేతికర్ర

కేదారనాథ్ యాత్రకు వెళ్దామని ఇంట్లో అనుకుంటున్నారా? స్వెట్టర్లు, మంకీ క్యాపులు, పులిహోర పొడి, మాత్రలు అన్నీ జాబితాలో రాసేసుంటారు. చేతికర్ర మాత్రం రాసి ఉండరు. "కర్ర పట్టుకోవడానికి నేనేమైనా ముసలిదాన్నా!" అనుకుంటారు మనలో చాలామంది. గౌరీకుండ్ నుంచి గుడి దాకా సుమారు 16 కిలోమీటర్ల నడక. గుడి ఉన్నది 3,583 మీటర్ల ఎత్తున. ఎక్కేటప్పుడు ఆయాసమొస్తే ఆగి ఆగి వెళ్తాం. అసలు పరీక్ష దిగేటప్పుడే! అడుగు వేసినప్పుడల్లా ఒంటి బరువంతా మోకాళ్ల మీద పడుతుంది. రెండు చేతుల్లో రెండు కర్రలుంటే ఆ బరువు కొంత చేతుల మీదికి, భుజాల మీదికి మళ్లుతుంది.

దారి మొదట్లో అమ్మే మామూలు కర్ర కూడా పనికొస్తుంది, కాదనను. అయితే దాన్ని పొట్టి చేయలేం, పొడుగు చేయలేం. ఏటా ఏదో ఒక కొండ ఎక్కే అలవాటున్నవారు ట్రెక్కింగ్ కర్రల జత కొనుక్కోవడం మేలు.

షాపువాడు ముందుగా కార్బన్ కర్ర చూపిస్తాడు. "పట్టుకోండమ్మా, ఈకలా ఉంటుంది" అంటాడు. నిజమే, తేలిగ్గానే ఉంటుంది. ధర మాత్రం బరువే! పైగా రాళ్ల మధ్య ఇరుక్కుని పక్కనుంచి గట్టి దెబ్బ తగిలితే పుటుక్కున విరుగుతుంది. అల్యూమినియం అయితే చాలావరకు వంగి ఊరుకుంటుంది. మనకు అల్యూమినియం చాలు. లోపల స్ప్రింగు ఉందంటూ ఎక్కువ ధర చెప్తే దానికీ ఆశపడకండి.

మిగిలిన ఆ డబ్బు బిగింపు మీద పెట్టండి. ఒకదాంట్లోంచి ఒకటి జారే గొట్టాలను నిలిపి ఉంచేది అదే. మెలితిప్పి బిగించే రకం చవక. కానీ తడి తగిలినా, దుమ్ము చేరినా కొన్నాళ్లకు పట్టు సడలుతుంది. దిగుడులో బరువు మోపగానే కర్ర సర్రున లోపలికి దిగిపోయిందంటే, మనం ముందుకు పడ్డట్టే! పక్కన చిన్న మీట ఉండి టక్కున మూసుకునే రకం నమ్మకమైనది. వదులైతే స్క్రూ బిగించుకోవచ్చు. కొనేముందు షాపులోనే కర్రను పొడుగు చేసి, మీట మూసి, ఒంటి బరువు మోపి చూడండి. మొహమాటపడకండి, కుక్కరు కొనేటప్పుడు మూత పెట్టి చూడమూ?

పొడవు సంగతి మరిచిపోకండి. కర్ర నేలకు ఆనించి పట్టుకుంటే మోచెయ్యి ఎల్ ఆకారంలో వంగాలి. అయిదడుగుల మనిషికి దాదాపు 100 సెంటీమీటర్లు సరిపోతుంది. కొన్ని మడత కర్రలు 110కి తగ్గవు, అవి పొట్టివాళ్లకు దండగ. ఎక్కేటప్పుడు 5 నుంచి 10 సెంటీమీటర్లు తగ్గించి, దిగేటప్పుడు అంతే పెంచుకోండి. దిగుడులో రెండు కర్రలూ ముందు ఆనించి, ఆ తర్వాతే అడుగు వేయాలి. పట్టీలోకి చెయ్యి కిందినుంచి పైకి దూర్చి పట్టుకుంటే మణికట్టు నొప్పి పుట్టదు.

కర్ర కొసన ఇనుప ములికి మట్టికీ, గట్టి మంచుకీ. రాతి మెట్ల మీదైతే దానికి రబ్బరు తొడుగు ఉండాలి, లేకపోతే జారుతుంది. ఆ తొడుగులు ఊడి పోతుంటాయి, ఇంకో జత దగ్గరుంచుకోండి. గుడి తెరిచిన కొత్తల్లో దారిలో అక్కడక్కడా మంచు ఉంటుంది. అప్పుడు ములికి పైన వెడల్పాటి ప్లాస్టిక్ బిళ్ల బిగిస్తే కర్ర మంచులో కూరుకుపోదు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి, కాళ్లకు స్నోషూలు కట్టుకుని మంచులో నడవాలని సరదాపడే అమ్మలకూ ఈ కర్రలే చాలు, ఆ బిళ్ల ఒక్కటీ కొనుక్కుంటే సరి.

గుర్రాలు ఎదురైతే లోయవైపు కాకుండా కొండవైపు నిలబడి, కర్రలు దగ్గరికి తీసుకోండి. విమానంలో వెళ్తే వాటిని చేతిసంచిలో పెట్టకండి, తనిఖీలో తీసేసుకోవచ్చు.

ఇంటికొచ్చాక గొట్టాలు విడదీసి, పొడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టండి. జోళ్లకూ తలుపు బందులకూ రాసినట్టు వీటికి నూనె రాయకండి. రాస్తే బిగింపు జారిపోతుంది.