గడువు మీద గుస్సా వద్దు, కాగజ్ అడగండి

మొన్న మా బంధువుల వలీమాలో దస్తర్‌ఖాన్ మీద బిర్యానీ వడ్డిస్తుంటే ఒక ఖాలా మా భాంజీని అందరి ముందూ అడిగింది: "క్యా మా, అబ్బీ పఢ్ రఈచ్ హై క్యా?" ఏం తల్లీ, ఇంకా చదువుతూనే ఉన్నావా అని. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పిల్ల తల వంచుకుంది. పీహెచ్‌డీలో తనకిది మూడో సంవత్సరం.

ఖాలా ప్రేమగానే అడిగి ఉంటుంది. కానీ ఆ సమయంలో పిల్ల హ్యాండ్‌బ్యాగులో ఒక నోటీసు ఉన్న సంగతి ఖాలాకు తెలియదు, నాకూ తెలియదు. రాత్రి ఇంటికొచ్చాక బయటికి తీసింది. పరిశోధన పురోగతి సంతృప్తికరంగా లేదట. రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయకూడదో పదిహేను రోజుల్లో చెప్పాలట.

"మామూ, అబ్బాకు మాత్రం చెప్పొద్దు" అంది.

నేను రెండే సవాళ్ళు వేశాను. మూడేళ్ళలో మీ కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది? "ఒక్కసారి మామూ, టాపిక్ ఖరారు చేసినప్పుడు." ఆరు నెలలకోసారి ఇచ్చే ప్రోగ్రెస్ రిపోర్టుల కాపీలేవి? "సంతకం చేయమంటే చేశాను. కాపీ ఇవ్వలేదు, నేను అడగలేదు."

నేను అడగలేదు. ఈ మాట గురించే ఇవాళ మీతో మాట్లాడాలనుకుంటున్నాను. మన పిల్లలు యూనివర్సిటీ దాకా వెళ్ళడానికి జాన్ పెట్టి చదువుతారు. లోపలికి వెళ్ళాక మాత్రం అక్కడ ఉన్న ప్రతిదీ ఎవరో దయతలచి వేసిన ఖైరాత్ అనుకుంటారు. అది ఖైరాత్ కాదు, హక్. ఆ హక్కు కాగజ్ మీద రాసి ఉంది. మనం చదవడం లేదు, అంతే.

ముందు అమ్మీ అబ్బాలకు ఒక మాట. పీహెచ్‌డీ అంటే ఒక పెద్ద పరీక్ష కాదు. దారి పొడవునా మైలురాళ్ళుంటాయి. 2022 నవంబర్‌లో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది. ఆ తర్వాత చేరిన పిల్లలందరికీ అవే వర్తిస్తాయి. వాటి ప్రకారం మొదట కోర్స్‌వర్క్: కనీసం 12 క్రెడిట్లు, 55 శాతం మార్కులు. తర్వాత రిసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు టాపిక్ ఖరారు. ఆపైన ప్రతి సెమిస్టరూ ఆ కమిటీ ముందు నిలబడి ఎంత పని జరిగిందో చెప్పాలి. థీసిస్ ఇచ్చే ముందు అందరూ వినేలా ఒక ప్రెజెంటేషన్. కాపీ కొట్టలేదని తేల్చే సాఫ్ట్‌వేర్ తనిఖీ. గైడ్ కాకుండా కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చదవడం. చివరికి వైవా. మొత్తానికి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. రీ-రిజిస్ట్రేషన్ చేస్తే ఇంకో రెండేళ్ళు.

కాబట్టి "కబ్ ఖతమ్ హోతా?" అని అడగడం మానేయండి. "కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది బేటా? పోయినసారి ఏం రాశారు?" అని అడగండి. మొదటి సవాలు పిల్లను చిన్నబుచ్చుతుంది. రెండో సవాలు ఆమెకు ధైర్యమిస్తుంది.

ఇప్పుడు యూనివర్సిటీల సంగతి. అవే నిబంధనలు కమిటీ మీద కూడా ఫర్జ్ పెట్టాయి. ఆరు నెలలకోసారి కమిటీ రిపోర్టు రాసి యూనివర్సిటీకి పంపాలి, ఆ కాపీ స్కాలర్‌కు ఇవ్వాలి. పని బాగా లేకపోతే ఎందుకు బాగా లేదో రాయాలి, ఎలా సరిదిద్దుకోవాలో చెప్పాలి. చెప్పినా చేయకపోతేనే, కారణాలు స్పష్టంగా రాసి, రద్దుకు సిఫారసు చేయవచ్చు. అంటే నేరుగా రద్దు నోటీసు దగ్గరికి దూకడానికి దారి లేదు. ముందు కూర్చోవాలి, వినాలి, రాయాలి, కాపీ ఇవ్వాలి, ముహ్లత్ ఇవ్వాలి. ఇంకో సంగతి. థీసిస్ ఇచ్చిన తేదీ నుంచి వైవా ఫలితం దాకా అంతా ఆరు నెలల్లో ముగించాలని కూడా అందులోనే ఉంది. స్కాలర్ ఆరు రోజులు ఆలస్యమైతే ఫైన్ కట్టించుకునే డిపార్ట్‌మెంట్లు, తమ ఆరు నెలలు ఏడాదిన్నరైతే ఏం కడుతున్నాయి? ఎవరికి కడుతున్నాయి?

చాలామంది పిల్లలు ఈ మైలురాళ్ళనే దుష్మన్ అనుకుంటారు. కమిటీ అంటే భయం, రిపోర్ట్ అంటే బోర్, గడువు అంటే గుస్సా. నేను ఉల్టా చెబుతున్నాను. గడువు మన దుష్మన్ కాదు. కాగితం మీదకు రాని గడువు మన దుష్మన్. పెద్దల సిఫారిష్ ఉన్న పిల్లాడికి కాగజ్‌తో పని లేదు. వాళ్ళ మామయ్య ఫోన్ చేస్తాడు, పని జరిగిపోతుంది. పంక్చర్ షాపు నడిపే అబ్బా ఎవరికి ఫోన్ చేస్తాడు? టైలరింగ్ చేసే అమ్మీ ఎవరికి సలాం కొడుతుంది? మన పిల్లలకున్న సిఫారిష్ ఒక్కటే, తేదీ వేసి దస్తఖత్ చేసిన కాగజ్.

ఇది నేను కితాబులు చూసి చెప్పడం లేదు. ఉర్దూ మీడియంలో బడి చదివి, తెలుగులో డిగ్రీ చేసి, ఇరవై ఏళ్ళ కిందట నేను కూడా ఒక యూనివర్సిటీలో పరిశోధనకు చేరాను. రాత్రి పత్రిక డెస్కులో పని, పగలు లైబ్రరీ. రిపోర్ట్ ఎప్పుడివ్వాలి సార్ అని అడిగితే "చూద్దాంలే" అనేవారు. ఆ చూద్దాంలేని నేను ఇజాజత్ అనుకున్నాను. నాలుగో ఏడు రిజిస్ట్రేషన్ రద్దయింది. ఆ కవరు నేను ఖాళీ చేసిన అద్దె ఇంటికి వెళ్ళింది. ఓనరు ఆరు నెలల తర్వాత బజారులో కనబడి, "నీదేదో ఉత్తరం ఉంది బాబూ" అన్నాడు. అబ్బాజాన్ చనిపోయేదాకా నన్ను డాక్టర్ సాబ్ అనే పిలిచారు. నేను సరిదిద్దలేదు. నా చేతిలో ఒక్క కాగజ్ ఉన్నా పోరాడేవాణ్ణి. లేదు. అందులో యూనివర్సిటీ గలతీ ఉంది, అడగని నా గలతీ కూడా ఉంది.

"గైడ్‌ను కాగజ్ అడగడం బేఅదబీ కదా భాయ్?" అంటారు కొందరు. ఉస్తాద్‌కు ఇజ్జత్ ఇవ్వాలని మన ఇళ్ళలో పాలతో పాటు తాగిస్తాం. మంచిదే. కానీ అదబ్ వేరు, గులామీ వేరు. "సార్, నిన్నటి మీటింగ్‌లో మీరు చెప్పినవి ఇలా రాసుకున్నాను, ఏదైనా పొరపాటుంటే సరిచేయండి" అని ఒక మెయిల్ పంపడం ఎక్కడి బేఅదబీ? మంచి గైడ్ దానికి ఖుష్ అవుతాడు. మంచి గైడ్లు ఉన్నారు, శాగిర్ద్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్ళను నేను చూశాను. ఆ మెయిల్‌కు ఎవరైనా చిరాకు పడ్డారంటే, ఆ మెయిల్ అవసరం అక్కడే ఎక్కువగా ఉందని లెక్క.

డబ్బు సంగతి కూడా ఖుల్లంఖుల్లా మాట్లాడుకుందాం. నెట్ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్న పిల్లలకు నెలకు 37,000, అద్దె భత్యం వేరే. రెండేళ్ళ తర్వాత కమిటీ పని చూసి సరే అంటే 42,000. ఇదీ మైలురాయే. ఆ సమీక్ష వాయిదా పడితే నెలకు 5,000 ఆగిపోతుంది. ఇంకో లెక్క చూడండి. ఫెలోషిప్ మొత్తం ఐదేళ్ళు, రిజిస్ట్రేషన్ ఆరేళ్ళు. ఆరో ఏడు థీసిస్ రాసే ఏడు, ఆ ఏడే జేబు ఖాళీ. నెట్ రానివాళ్ళకు సెంట్రల్ యూనివర్సిటీల్లో నెలకు 8,000. స్టేట్ యూనివర్సిటీల్లో చాలామందికి అదీ లేదు.

ఇక మౌలానా ఆజాద్ ఫెలోషిప్. సచర్ కమిటీ 2006లో మన తాలీమ్ హాలత్ దేశం ముందు పెట్టాక, 2009లో మైనారిటీ పరిశోధకుల కోసం మొదలైంది. 2022 డిసెంబర్‌లో లోక్‌సభలో మంత్రి లేచి, 2022-23 నుంచి ఆపేస్తున్నామన్నారు. ఇతర పథకాలతో కలిసిపోతోందని కారణం చెప్పారు. అప్పటికే చేరినవాళ్ళు కూడా డబ్బు కోసం నెలల తరబడి కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూశారు. 2011 జనగణనలో మనం దేశంలో 14 శాతం. 2020-21లో ఉన్నత విద్యలో ఉన్న వంద మందిలో మనవాళ్ళు ఐదుగురు కూడా లేరని ప్రభుత్వ సర్వేనే చెప్పింది. ఐదుగురు కూడా లేని చోట ఏ పథకం దేనితో కలిసిపోయిందో నాకు అర్థం కాలేదు. పని సాగడం లేదని పిల్లకు నోటీసిచ్చేవాళ్ళు, నెలల తరబడి ఫెలోషిప్ ఆపినవాళ్ళకు నోటీసెందుకు ఇవ్వరు?

ప్రభుత్వాన్ని అడిగేశాం, యూనివర్సిటీని అడిగేశాం. ఇప్పుడు అద్దం ముందుకు రండి.

ఆ రాత్రి నోటీసు చూశాక ఆపా మెల్లగా అంది: "పోనీ భయ్యా, రద్దయితే అయింది. బెంగళూరు రిష్తా వచ్చింది. వాళ్ళు ఇంకెంతకాలం ఆగుతారు?" పిల్ల గోడవైపు తిరిగింది. నాకు ఆపా మీద కోపం రాలేదు. కూతురి ఫికర్‌తో ఆమెకు మూడేళ్ళుగా నిద్ర లేదు. కానీ ఆమెకు ఒక సంగతి తెలియదు, మీలో చాలామందికి తెలియదు. అందుకే రాస్తున్నాను.

అవే 2022 నిబంధనల్లో ఆడపిల్లలకు అదనంగా రెండేళ్ళు ఉన్నాయి. రీ-రిజిస్ట్రేషన్‌తో కలిపి పదేళ్ళ దాకా వెళ్ళొచ్చు. ప్రసూతి, పిల్లల పెంపకం కోసం 240 రోజుల సెలవు ఉంది. నికాహ్ వల్లగానీ వేరే కారణంతోగానీ ఊరు మారాల్సి వస్తే, షరతులకు లోబడి, చేసిన పరిశోధనను కొత్త ఊరి యూనివర్సిటీకి తీసుకెళ్ళే వీలుంది. మన పిల్ల పెళ్ళవుతుందని, ఊరు మారుతుందని, తల్లవుతుందని ఢిల్లీలో కూర్చున్న యూజీసీకి గుర్తుంది. మనకే గుర్తు లేదు. కానూన్ రెండేళ్ళు ఇస్తుంటే మనం ఒక్క సీజన్ ఇవ్వలేమా? షవ్వాల్‌లోనే నికాహ్ కావాలి, ప్రీ-సబ్మిషన్ తర్వాత పెట్టుకుందామంటే ఇజ్జత్ పోతుంది అంటాం. ఎవరి ఇజ్జత్? దుల్హా ఇంటివాళ్ళకు కట్నం గురించి, మెనూ గురించి గంటలు గంటలు మాట్లాడే నోరు, "మా అమ్మాయి థీసిస్ మీ ఇంట్లో పూర్తవ్వాలి" అని ఒక్క వాక్యం ఎందుకు చెప్పలేదు?

1917లో హైదరాబాదులో దారుత్తర్జుమా పెట్టి, సైన్సు నుంచి కానూన్ దాకా పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చారు. మరుసటి ఏడు ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంలో మొదలైంది. ఆ గడ్డ మీద పుట్టిన మనం, ఇంట్లో పిల్ల పీహెచ్‌డీ చేస్తుంటే రిసెర్చ్ కమిటీ అంటే ఏమిటో అమ్మీకి అర్థమయ్యే జబాన్‌లో చెప్పుకోలేకపోతున్నాం. పిల్లలూ, ఇది మీ ఫర్జ్ కూడా. "మీకు అర్థం కాదులే" అనకండి. మీ అమ్మీకి నెలసరి చీటీల లెక్క వస్తుంది, రేషన్ కార్డు రూల్స్ వస్తాయి. మీ మైలురాళ్ళు కూడా వస్తాయి.

ఆ రాత్రి భాంజీ, నేను కూర్చుని జవాబు రాశాం. ఎవరినీ తిట్టలేదు. మూడే అడిగాం. చేరినప్పటి నుంచి కమిటీ కూర్చున్న తేదీలు ఇవ్వండి. ప్రతి సెమిస్టర్ రిపోర్ట్ కాపీ ఇవ్వండి. పనిలో లోపమేమిటో, ఎలా సరిదిద్దుకోవాలో రాసి ఇవ్వండి. అడ్డంగా నిబంధన పేరు, సంవత్సరం రాశాం. ఆఫీసులో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకుంది. ఆ ముద్ర కోసం గంటన్నర నిలబడింది.

పది రోజుల తర్వాత కమిటీ కూర్చుంది. నోటీసు వెనక్కి తీసుకోలేదు. రెండో అధ్యాయం వచ్చే సెమిస్టర్‌లోగా ఇవ్వాలని రాసి, కాపీ ఇచ్చారు. ఆమె పని కూడా నిజంగానే వెనకబడి ఉంది, అది దాచను. ఇప్పుడు మిహనత్ ఆమెది. కానీ మూడేళ్ళలో మొదటిసారి ఏం చేయాలో, ఎప్పటిలోగా చేయాలో ఆమె చేతిలో రాసి ఉంది. ఆ కాగజ్‌ను ఆపా ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, బీరువాలో ఇంటి పట్టా పక్కన దాచింది. బెంగళూరు వాళ్ళతో మాట్లాడే పని దుల్హాభాయ్ తీసుకున్నారు. ఏమంటారో చూడాలి.

మీ ఇంట్లో పరిశోధన చేసే పిల్లలుంటే ఇవాళ రాత్రి భోజనాల దగ్గర ఒక్క సవాలు అడగండి: పోయిన సెమిస్టర్ రిపోర్ట్ కాపీ నీ దగ్గర ఉందా? లేదంటే, రేపు పొద్దున టిఫిన్ పెట్టి పంపండి. తీసుకుని రమ్మనండి.

ఖుదా హాఫిజ్.