ముందు అడ్డా చూపాలి.. తర్వాతే జరిమానా

కామారెడ్డి: ఆటో ఆపితే జరిమానా, ఆపకుంటే గిరాకీ ఉండదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాల్లో షేర్ ఆటో డ్రైవర్ల పరిస్థితి ఇది. పోలీసులు తరిమితే ఆటోలు ఓ చుట్టు తిరిగి మళ్లీ అదే చోటికి చేరుతున్నాయి. వాటికి మరో చోటు చూపకపోవడమే ఇందుకు కారణం.

2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా కేంద్రమైంది. కార్యాలయాలకు వచ్చే జనం పెరిగారు. రైలు, బస్సు దిగినవారిని నిజాంసాగర్ చౌరస్తా, సిరిసిల్ల రోడ్డు వైపు, చుట్టుపక్కల పల్లెలకు చేర్చడంలో ఆటోలదే ప్రధాన పాత్ర. 2018లో మున్సిపాలిటీగా మారిన ఎల్లారెడ్డికి రైలు మార్గం లేదు. లింగంపేట, నాగిరెడ్డిపేట మండలాల నుంచి వచ్చేవారికి బస్సు తప్పితే ఆటోయే దిక్కు.

పోటీ పెరిగింది.. చోటు పెరగలేదు

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. పేద మహిళలకు ఇది ఎంతో మేలు చేసింది. తమ ఉపాధి దెబ్బతిన్నదంటూ ఆటో కార్మికులు రాష్ట్రవ్యాప్తంగా ఆందోళనలకు దిగారు. గిరాకీ తగ్గినకొద్దీ బస్టాండు ముందే నిలవాలన్న పోటీ పెరుగుతుంది. ఆటోలు, తోపుడు బండ్లు, ద్విచక్ర వాహనాలు రోడ్డు అంచును ఆక్రమిస్తే వృద్ధులు, విద్యార్థులు నడిరోడ్డుపై నడవాల్సి వస్తుంది.

చట్టంలోనే మార్గం

వాహనాలు ఎక్కడ, ఎంతసేపు నిలవవచ్చో స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయించే అధికారాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థకు కల్పించింది. ప్రయాణికులను ఎక్కించి దించడానికి పట్టే సమయాన్ని, అంతకు మించి నిలిచే సమయాన్ని చట్టం వేర్వేరుగా చూసింది. పరిష్కారం ఈ తేడాలోనే ఉంది.

బస్టాండు, రైల్వేస్టేషన్‌ల దగ్గర కొద్ది ఆటోలు మాత్రమే పట్టేలా ఎక్కించి దించే చోటును గీతలతో గుర్తించాలి. మిగిలినవి కాస్త దూరంలోని అడ్డాలో ఉండి, సీరియల్ ప్రకారం ముందుకు రావాలి. గంటలను బట్టి ఒకే చోటును పంచుకోవచ్చు. తెల్లవారుజామున దుకాణాల సరుకు దించే చోటే పగలు ఆటోలకు ఉపయోగపడుతుంది. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 2017లో ఓ రద్దీ వీధిలో పార్కింగ్ స్థలాలను వారాంతపు రాత్రుల్లో క్యాబ్‌లు ఎక్కే, దిగే చోటుగా మార్చి చూశారు.

అడ్డాల ఎంపికలో డ్రైవర్లను భాగస్వాములను చేయాలి. చిరువ్యాపారుల స్థలాలను 2014 వీధి వ్యాపారుల చట్టం కింద ఏర్పడే పట్టణ విక్రయ కమిటీతో చర్చించి ఖరారు చేయాలి. లేకుంటే ఒకరిని తొలగించి మరొకరిని నిలబెట్టినట్టవుతుంది. మున్సిపల్, పోలీసు, రవాణా, ఆర్టీసీ అధికారులు కలిసి ముందు గీతలు గీయించాలి. ఆ తర్వాత గీత దాటిన వారికి జరిమానా విధిస్తే తప్పుపట్టేవారు ఉండరు.