రిక్వెస్ట్ వెనకాల ఆ ‘ఫర్’ ఎక్కడిది?

మన ఇళ్లలో ఇంగ్లీషులో రాసిన దర్ఖాస్త్ ఏదైనా తీసి చూడండి. చాలావాటిలో మొదటి వాక్యంలోనే ఒక అనవసరపు ముక్క తగులుతుంది. ‘ఐ రిక్వెస్ట్ ఫర్ కరెక్షన్ ఆఫ్ మై నేమ్.’ ‘ఐ రిక్వెస్ట్ ఫర్ స్కాలర్‌షిప్.’ ‘ఐ రిక్వెస్ట్ ఫర్ టూ డేస్ లీవ్.’ ఆ ‘ఫర్’ అక్కడ ఉండకూడదు. ‘ఐ రిక్వెస్ట్ టూ డేస్ లీవ్’ అంటే చాలు. లేదా ‘మై రిక్వెస్ట్ ఫర్ లీవ్’ అనాలి. మొదటిదాంట్లో రిక్వెస్ట్ క్రియ, రెండోదాంట్లో నామవాచకం. ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు ఇంకా సులువుగా చెప్పాలంటే ఒకటి ఫేల్, ఇంకొకటి ఇస్మ్.

ఇంత చిన్నదానికి ఇంత బయాన్ ఎందుకని అడగొచ్చు. దర్ఖాస్తులతో మన ఖౌమ్‌కున్నంత పని అందరికీ ఉండదు, అందుకు. పేర్ల సంగతే చూడండి. ఒకే మనిషికి టెన్త్ మెమోలో చివర హెచ్ లేని షేక్, పాస్‌పోర్టులో హెచ్ ఉన్న షేక్. తండ్రి పేరు ఒకచోట ఎండీ, ఇంకోచోట మహమ్మద్. అమ్మీ పేరులో ఆధార్‌లో బీ, రేషన్ కార్డులో బేగం. ఇంటిపేరు ముందు రాయాలో వెనక రాయాలో ఒక్కో క్లర్కుది ఒక్కో ఇష్టం. పేరు కలవక కొడుకు గల్ఫ్ ప్రయాణం ఆగుతుంది, కూతురి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగుతుంది, దాదీ పింఛను ఆగుతుంది. ప్రతిదానికీ ఒక కాగితం రాయాలి. ఆ కాగితంలో అన్నింటికంటే ఎక్కువసార్లు వచ్చే ఇంగ్లీషు మాట ఇదే.

నేను జర్నలిస్టునని తెలిసి మొహల్లాలో వాళ్లు ఇలాంటి కాగితాలు నా దగ్గరికి తెస్తుంటారు. కొన్నాళ్ల కిందట ఒక ఖాలా తన కూతురి తరఫున వచ్చింది. పిల్ల ఇంటర్ దాకా ఉర్దూ మీడియం, తర్వాత డిగ్రీ ఇంగ్లీషు మీడియం. మెమోలో తండ్రి పేరు సరిచేయించుకోవడానికి తనే స్వయంగా రాసుకుని ఒక ఆఫీసుకు వెళ్లింది. అక్కడి ఉద్యోగి ‘ఐ రిక్వెస్ట్ ఫర్ కరెక్ట్ మై ఫాదర్ నేమ్’ అన్న వాక్యాన్ని పక్క సీటాయనకు వినిపించేలా చదివి నవ్వాడట. పిల్ల కాగితం వెనక్కి తీసుకుని ఇంటికొచ్చేసింది. ‘ఇప్పుడు నువ్వే రాసిపెట్టు భయ్యా, అది ఇక రాయనంటోంది’ అంది ఖాలా.

రాసిచ్చాను. కానీ ఆ పిల్ల రాసిన వాక్యాన్ని చాలాసేపు చూశాను. అందులో మొద్దుతనం లేదు. ఉన్నదల్లా రెండు జుబాన్ల వ్యాకరణం, మూడో జుబాన్‌లోకి వచ్చిపడింది.

మనం మాట్లాడేటప్పుడు ఏమంటాం? తెలుగులో ‘సెలవు కోసం రిక్వెస్ట్ చేశాను’. ఉర్దూలో ‘ఛుట్టీ కే లియే రిక్వెస్ట్ కీ’. ఈ రెండింటిలోనూ రిక్వెస్ట్ ఇస్మే. ఫేల్ పని చేస్తున్నది ‘చేశాను’, ‘కీ’. ఉర్దూలో అయితే దానికి లింగం కూడా ఇచ్చేశాం. దర్ఖాస్త్ స్త్రీలింగం కాబట్టి రిక్వెస్టూ స్త్రీలింగమైపోయింది, అందుకే ‘కియా’ అనం, ‘కీ’ అంటాం. అది ఇస్మ్ కాబట్టి పక్కన ‘కోసం’, ‘కే లియే’ హాయిగా కూర్చుంటాయి. ఇబ్బంది ఇంగ్లీషులోకి దాటేటప్పుడు వస్తుంది. ‘చేశాను’ను ఇవతలి ఒడ్డున వదిలేసి ‘కోసం’ను మాత్రం మూట కట్టుకుని వెళ్తాం. అవతలి ఒడ్డు చేరేసరికి రిక్వెస్ట్ తనే ఫేల్ అయిపోయి ఉంటుంది. దానికి ఇక ‘కోసం’తో పని లేదు.

ఇంగ్లీషువాడి తిరకాసు ఏమిటంటే, మాట రూపం మార్చడు. అడ్వైస్ లాంటి మాటల్లో కనీసం స్పెల్లింగు, చివరి పలుకు మారతాయి. రికార్డ్‌లో ఒత్తు మారుతుంది, ఇస్మ్‌గా అన్నప్పుడు మొదటి భాగం మీద, ఫేల్‌గా అన్నప్పుడు రెండో భాగం మీద. రిక్వెస్ట్‌లో అదీ లేదు. స్పెల్లింగు ఒకటే, పలుకు ఒకటే. తేడా అంతా ఇరుగుపొరుగులో ఉంటుంది. ముందు ‘ఎ’, ‘మై’, ‘యువర్’, ‘దిస్’ ఉంటే అది ఇస్మ్, వెనకాల ‘ఫర్’ రానివ్వొచ్చు. ముందు ‘ఐ’, ‘వి’, ‘షీ’ లాంటి కర్త ఉండి, పని జరిపిస్తుంటే అది ఫేల్. వెనకాల అడిగే వస్తువు నేరుగా రావాలి, లేదా అడిగించుకునే మనిషి నేరుగా రావాలి. మనిషి వచ్చాక ఆయన చేయాల్సిన పని చెప్పాలంటే ‘టు’ పెట్టి చెప్పాలి. ‘ఐ రిక్వెస్ట్ యు టు కరెక్ట్ మై ఫాదర్స్ నేమ్.’ ఖాలా కూతురికి కావలసిన వాక్యం ఇదే.

మనిషి ముందు ‘టు’ పెట్టడం ఇంకో అలవాటు. ‘ఐ రిక్వెస్టెడ్ టు ది ఆఫీసర్’ అని రాస్తారు. ఇది ఉర్దూ నుంచి వచ్చిందని నా అనుమానం. ‘ఉన్ సే రిక్వెస్ట్ కీ’ అంటాం కదా, ఆ ‘సే’కు ఏదో ఒకటి పెట్టాలని చెయ్యి ఊరుకోదు. తెలుగు ఇక్కడ మనకు మేలే చేస్తుంది. ‘ఆఫీసర్ని రిక్వెస్ట్ చేశాను’ అంటాం, ద్వితీయా విభక్తి, ఇంగ్లీషుకు సరిగ్గా సరిపోతుంది. వస్తువును కూడా చెబితే మాత్రం ‘సే’ న్యాయంగానే ‘ఫ్రమ్’ అవుతుంది. ఆఫీసు నుంచి సమాచారం కోరామనడానికి ‘రిక్వెస్టెడ్ ఇన్ఫర్మేషన్ ఫ్రమ్ ది ఆఫీస్’ అనొచ్చు.

నేను పిల్లలకు చెప్పే ఉపాయం ఒకటుంది. అనుమానం వచ్చినప్పుడు రిక్వెస్ట్ తీసేసి అచ్చ తెలుగు ‘కోరు’ పెట్టి చూడమంటాను. ‘సెలవు కోసం కోరుతున్నాను’ అంటే చెవికే ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘సెలవు కోరుతున్నాను’ అంటాం. అంటే అక్కడ ఫర్ వద్దు. ‘సెలవు కోసం విన్నపం’ బాగుంది, అక్కడ ఫర్ కావాలి. ఉర్దూలో ఆలోచించే పిల్లలైతే ‘మాంగ్నా’ పెట్టుకోవచ్చు. ‘ఛుట్టీ మాంగీ’ అంటాం తప్ప ‘ఛుట్టీ కే లియే మాంగీ’ అనం. మన జుబాన్లు తప్పు చేయిస్తున్నాయని మాస్టర్లు తిడతారు గానీ, తప్పును పట్టిచ్చేవీ అవే. క్లాసులో ఉర్దూ మాట వినబడితే ఫైన్ వేసే స్కూళ్లకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

ఇంకా నమ్మకం కుదరకపోతే అల్మారీ తెరిచి ఏదైనా ఇంగ్లీషు షాదీ రుక్కా తీయండి. ‘రిక్వెస్ట్ ది ప్లెజర్ ఆఫ్ యువర్ కంపెనీ’ అని బంగారు అక్షరాల్లో ఉంటుంది. ఫలానా వారు, ఫలానా బేగం, రిక్వెస్ట్, ఆ వెంటనే ప్లెజర్. మధ్యలో ఫర్ లేదు. పెళ్లికూతురి పేరులో అచ్చుతప్పు పోయిన రుక్కాలు చూశాను గానీ ఈ వాక్యం తప్పిన రుక్కా నేను చూడలేదు. ప్రెస్సువాడి దగ్గర పాత అచ్చు ఉంటుంది మరి. మస్జిద్ బోర్డులూ, జల్సా పాంప్లెట్లూ మనమే రాసుకుంటాం, అందుకే ‘ఆల్ ఆర్ రిక్వెస్టెడ్ ఫర్ అటెండ్’ అని వస్తుంది. ‘రిక్వెస్టెడ్ టు అటెండ్’ అనాలి.

ఈ మాటకు తోబుట్టువులున్నాయి. డిమాండ్, ఆర్డర్, ఆన్సర్. ‘ఎ డిమాండ్ ఫర్ జస్టిస్’ సరే, ‘వి డిమాండ్ జస్టిస్’లో ఫర్ ఉండదు. ధర్నా ఫ్లెక్సీల మీద మాత్రం తప్పకుండా ఉంటుంది. బిర్యానీ ఆర్డర్ చేశామంటే ‘ఆర్డర్డ్ బిర్యానీ’ అంతే. ‘డిస్కస్ అబౌట్’ది ఇంకా తమాషా కథ. డిస్కషన్ అనే ఇస్మ్‌కు అబౌట్ కావాలి, డిస్కస్ అనే ఫేల్‌కు వద్దు. మనకు ఆ అబౌట్ ఎక్కడ అంటుకుంది? తెలుగు విభక్తులు గుర్తు చేసుకోండి. నిన్, నున్, లన్, కూర్చి, గురించి. అవన్నీ ద్వితీయా విభక్తి. అంటే తెలుగు వ్యాకరణం లెక్కలో ‘సమస్య గురించి చర్చించారు’ అన్నప్పుడు సమస్య కర్మే. ‘గురించి’ మనకు కర్మను చూపే గుర్తు, ఇంగ్లీషువాడికి అబౌట్ అలా కాదు. డిగ్రీలో తెలుగు చదివిన నాకు ఈ ఒక్క లెంకె దొరికినప్పుడు కలిగిన ఖుషీ ఇంకా పోలేదు.

ఒక వాదన వినిపిస్తుంది, చదువుకున్న దోస్తుల నుంచే. మన దేశంలో కోట్ల మంది ఇలాగే రాస్తున్నారు, ఇది మన ఇంగ్లీషు, లండన్ వాడి ఇజాజత్ ఎందుకు అని. సగం ఒప్పుకుంటాను. ‘ప్రీపోన్’ అనే మాటను మనం వాడుకలో పెట్టాం, అది లేని లోటు తీర్చింది, దాన్ని ఎవరు నవ్వినా వాడతాను. కానీ ఈ ఫర్ ఏ లోటూ తీర్చడం లేదు. అది ఉన్నా లేకపోయినా మతలబ్ ఒకటే. పైగా దాని ధర అందరికీ ఒకేలా పడదు. పెద్ద కాన్వెంటులో చదివి వచ్చినవాడు ‘రిక్వెస్ట్ ఫర్’ అని రాస్తే తొందరలో రాశాడనుకుంటారు. ఉర్దూ మీడియం పిల్ల రాస్తే రాదనుకుంటారు. ఆ నవ్విన ఉద్యోగి రోజూ పంపే మెయిళ్లలో ఎన్ని ఫర్‌లు ఉంటాయో! నవ్వేవాడికి హక్ ఉందని నేననడం లేదు. వాడికి ఆ సాకు కూడా దొరకనివ్వకూడదని అంటున్నాను. పది నిమిషాల్లో నేర్చుకునేదానికి పిల్ల ఇజ్జత్ పణంగా పెట్టడం దండగ.

ఫర్ సంగతి తేలాక అదే కాగితంలో ఇంకొకటి కనిపిస్తుంది. ‘ఐ హంబ్లీ రిక్వెస్ట్ యువర్ గుడ్ సెల్ఫ్ టు కైండ్లీ ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్.’ వ్యాకరణం దాదాపు బాగానే ఉంది, నడుము మాత్రం వంగిపోయింది. మనకు అదబ్ నేర్పిన పెద్దలు గుజారిష్‌కూ గిడ్‌గిడానాకూ తేడా కూడా నేర్పారు. చేతులు చాపి, కన్నీళ్లతో ఇల్తిజా చేయడానికి ఒక దర్బార్ ఉంది, అది అల్లాహ్‌ది. తహసీల్ ఆఫీసులో ఒక్క ‘కైండ్లీ’ చాలు. ‘రిక్వెస్ట్’లోనే మర్యాద ఉంది కదా, దాని మీద ఇంకో మూడు మర్యాదలు ఎందుకు ఎక్కించడం?

సమాచార హక్కు చట్టం, 2005 ఈ విషయంలో నాకు భలే నచ్చుతుంది. దాని 6వ సెక్షన్ మనం పెట్టే కాగితాన్ని ‘రిక్వెస్ట్’ అనే పిలుస్తుంది, శుద్ధంగా ఇస్మ్‌గా. అలా మర్యాదగా పిలిచి, ఆ రిక్వెస్ట్‌కు 30 రోజుల్లో జవాబివ్వాలని అధికారిని కట్టేస్తుంది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జుర్మానా. ఎందుకు అడుగుతున్నావో చెప్పాల్సిన పని లేదు. రాయలేనివాళ్లు నోటితో అడిగితే దాన్ని కాగితం మీద పెట్టడానికి అధికారే సాయం చేయాలి. పేరుకు గుజారిష్, లోపల హక్.

ఇంకో మాట. ఆ కాగితం ఇంగ్లీషులోనే ఉండాలని ఎవరన్నారు? అదే 6వ సెక్షన్ ఇంగ్లీషు, హిందీలతోపాటు ఆ ప్రాంతపు అధికార భాషలోనూ రాయొచ్చంటుంది. తెలుగు ఉండనే ఉంది. ఉర్దూను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో రెండో అధికార భాషను చేశాయి. ఆచరణలో ఉర్దూ కాగితం చదివే మనిషి ప్రతి ఆఫీసులో దొరకడు, అది వేరే ఫిర్యాదు. తెలుగు చదివేవాళ్లు మాత్రం దొరుకుతారు. పైగా ఆ తెలుగు సగం మన ఇంటిదే. దరఖాస్తు, అర్జీ, ఫిర్యాదు, మంజూరు, జిల్లా, రుసుము, రాజీనామా, వకీలు, జామీను. కచేరీ తెలుగులో ఫార్సీ, అరబీ మాటలు పరాయివని ఎవరూ అనుకోనంతగా కలిసిపోయాయి. ‘మా నాన్నగారి పేరు సరిచేయవలసిందిగా కోరుతున్నాను’ అని రాస్తే ఏ ఉద్యోగీ నవ్వలేడు.

అయినా యూనివర్సిటీకో, పాస్‌పోర్టు ఆఫీసుకో, కంపెనీకో ఇంగ్లీషు తప్పదనుకుంటే, పిల్లల చేత ఈ రెండు ముక్కలు పుస్తకం అట్ట మీద రాయించండి. విషయం అని రాసేచోట, అంటే సబ్జెక్ట్ లైనులో, ‘రిక్వెస్ట్ ఫర్ కరెక్షన్ ఆఫ్ ఫాదర్స్ నేమ్’. అక్కడ ఇస్మ్, ఫర్ ఉంటుంది. కింద ఉత్తరంలో ‘ఐ రిక్వెస్ట్ యు టు కరెక్ట్ మై ఫాదర్స్ నేమ్ యాజ్ పర్ ది ఎన్‌క్లోజ్డ్ డాక్యుమెంట్స్’. అక్కడ ఫేల్, ఫర్ ఉండదు. ఎన్‌క్లోజ్డ్ అని రాశాక జిరాక్సులు పిన్ చేయడం మర్చిపోకండి. కాగితం తిరిగొచ్చేది ఎక్కువసార్లు అందుకే.