బండి పేలగానే ఇంజను విప్పించకండి

పోయిన సంచికలో ఇన్వర్టరు బ్యాటరీ గురించి రాశాక, పాత మోటారు సైకిళ్ల గురించి కూడా రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు. నా సొంత కథే చెప్తాను.

మా నాయన 1986లో కొన్న బుల్లెట్టు 350 ఇంకా నా దగ్గరే ఉంది. ఆ మధ్య హొసూరు చంద్రచూడేశ్వరుడి కొండ దిగుతూ యాక్సిలేటరు వదలగానే, సైలెన్సరులో టపాకాయ పేలినట్టు 'ఢాం' అంది. అప్పట్నుంచి రోజూ అదే వరస. పక్కింటి పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంటే మా ఆవిడ గడువు పెట్టేసింది: "దీపావళి లోపల బాగన్నా చేయించండి, లేదా అమ్మన్నా అమ్మండి." మెకానిక్కు చెవితో విని, "వాల్వులు పోయాయి సార్, ఇంజను విప్పాల్సిందే" అని తొమ్మిది వేలు చెప్పాడు.

నేను చదివింది బి.కాం. ట్రయల్ బ్యాలెన్సు కలవకపోతే లెడ్జరంతా తిరగరాయం. తేడా తొమ్మిదితో శేషం లేకుండా పోతే, ఎక్కడో అంకెలు తారుమారై ఉంటాయని ముందు అది వెదుకుతాం. బండికీ అదే పద్ధతి పెట్టాను. తేలికైనది ముందు చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి.

చప్పుడు కార్బురేటరు వైపు నుంచి వస్తే దారి వేరు. యాక్సిలేటరు మూసినప్పుడు సైలెన్సరులో పేలితే మాత్రం, ఇంజనులో కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి వేడి పైపులోకి చేరి, గాలి తగిలి అంటుకుంటోందన్నమాట. కనుక ఈ వరసలో చూడండి.

ఒకటి, పైపు అతుకులు. అతుకు దగ్గర నల్లటి మసి చారలుంటే అక్కడ సందు ఉన్నట్టే. ఇంజను చల్లగా ఉండగా ఆరుబయట స్టార్టు చేసి, వెంటనే అతుకు మీద సబ్బునీళ్లు రాయండి. బుడగలొస్తే దొంగ దొరికినట్టే.

రెండు, ప్లగ్గు. కొస బిస్కెట్టు రంగులో ఉంటే సరి. తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. కార్బురేటరు బిగింపు వదులైందేమో, జెట్టులో చెత్త చేరిందేమో చూడాలి.

మూడు, పాయింట్లు. అరిగేకొద్దీ వాటి మధ్య ఎడం తగ్గి, నిప్పురవ్వ ఆలస్యంగా పడుతుంది. ఎగ్జాస్టు వాల్వు తెరుచుకునే వేళకి మంట ఇంకా మండుతూనే ఉంటుంది. ఫీలరు గేజితో చూస్తే ఎడం 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి.

నాలుగు, ట్యాపెట్లు. మరీ బిగుతైతే వాల్వు పూర్తిగా మూసుకోదు.

ఇవన్నీ సరిగా ఉండీ పేలుతున్నా, కిక్కు అడ్డులేకుండా తేలిగ్గా దిగిపోతున్నా వాల్వు మాట నిజమే కావచ్చు. అప్పుడు ఆలస్యం చేయకండి. మూసుకోని ఎగ్జాస్టు వాల్వు నడిపేకొద్దీ కాలిపోతుంది.

నా బండిలో దొంగ మొదటి మెట్టులోనే దొరికాడు. ఎండాకాలంలో సైలెన్సరుకు రంగు వేయించి, క్లాంపు నేనే బిగించాను. ఒక బోల్టు సగమే ఎక్కించాను! కొత్త క్లాంపు వేశాక పెద్ద పేలుళ్లు ఆగాయి, చిన్న చిటపటలు మిగిలాయి. పాయింట్ల ఎడం సరిచేశాక అవీ పోయాయి. రెండూ ఒకేసారి చేసి ఉంటే ఏది దేనికి మందో తెలిసేది కాదు. ఖర్చు మొత్తం 240 రూపాయలు.

మెకానిక్కుది మోసం అనను. నలభై ఏళ్ల ఇంజనంటే ఎవరికైనా ముందు వాల్వులే తోస్తాయి. అయితే విప్పిన ఇంజను మళ్లీ మునుపటిలా కుదురుతుందన్న హామీ లేదు. మా నాయన ప్రతి ఆదివారం స్పానరు పట్టుకుని నట్లన్నీ ఒక చుట్టు చూసేవాడు. అది చాదస్తమనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ స్పానరు నా చేతిలో ఉంది.

దీపావళికి మా వీధిలో టపాకాయలు పేలాయి కానీ, మా బండి పేలలేదు.