ఆటలతో ఆంగ్లపఠనము

2022-23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వపాఠశాలలలో 1వ తరగతి మొదలు 8వ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశించినది. ఇంట ఆంగ్లము వినబడని పసివారెందరో బడిలో ఆంగ్లమే చదువవలసిన వారైరి. వీరికి ఫోనులలోని ఆటలద్వారా పఠనము నేర్పవచ్చునని చెప్పువారు నేడు పెక్కండ్రు కలరు. ఈ మాటలో సత్యమెంతయో విచారింపవలసియున్నది.

సత్యము కొంత కలదు. తెలుగున వ్రాసినట్లే పలుకుదుము. ఆంగ్లమున అక్షరములు 26. ధ్వనులు సుమారు 44. ‘బట్’, ‘పుట్’ అను మాటలలో ఒకే అక్షరము రెండు తెరగుల పలుకును. ఈ చిక్కు అభ్యాసమువలన గాని తీరదు. నిండిన తరగతిలో ఉపాధ్యాయుడు ప్రతి శిశువు చదువును దినదినమును వినజాలడు. 2019లో గూగుల్ సంస్థ మన దేశమున వెలువరించిన ‘బోలో’ వంటి సాధనములు పిల్లవాని చదువును విని, తప్పిన మాటను సరిగా పలికి వినిపించును. తోడివారు నవ్వుదురన్న భయము లేదు. ఈ గుణమును మేము తక్కువ చేయము.

అయినను, ఫిన్లండున పుట్టిన ‘గ్రాఫోగేమ్’ అను ఆటయొక్క ఆంగ్లరూపమును ఇంగ్లండు పాఠశాలలలో పరీక్షించి, 2018లో నివేదిక ప్రకటించిరి. వాడుకలోనున్న బోధనకంటె దానివలన పఠనము మెరుగుపడినదనుటకు నిదర్శనము కానరాలేదని అందు తేలినది. ఆంగ్లము పుట్టినచోటనే ఇట్లున్నప్పుడు, మన పల్లెబడులలో ఆటనే నమ్ముకొని కూర్చుండుట వివేకమా?

మన బిడ్డలకు మరియొక కష్టము కలదు. ఆంగ్లేయశిశువు తానెరిగిన మాటనే అచ్చులో గుర్తించును. మన శిశువు ‘రివర్’ అని తప్పులేక పలికి ఆటలో నక్షత్రమును గెలుచుకొనును. అది తన యూరి ఏరేయని మాత్రమెరుగడు. ధ్వని వచ్చి అర్థము రానిది చిలుకపలుకే గాని చదువు కాదు. ఆ అర్థమునకు దారి తల్లిభాషయే. తెలంగాణమున పాఠ్యపుస్తకములను ఆంగ్లమును తెలుగును ఎదురెదురుగా నుంచి ముద్రించిరి. ఆటలకును ఆ పద్ధతియే తగును.

తండ్రితో పొలమునకు పోవు ఫోను బిడ్డకు పలక కానేరదు. కావున సాధనములు బడియందే యుండవలెను. అవి అంతర్జాలము లేకయు పనిచేయవలెను. ఆట ముగిసినపిమ్మట, చదివినదేమో పంతులు తెలుగున అడిగి చెప్పించుకొనవలెను. ఈ పనిని ఏ యంత్రమును చేయజాలదు.

ఆట గురువునకు చేయూత కావలెను గాని గురువులేని లోటును కప్పిపుచ్చు తెర కారాదు. సాధనములు కొనుటకు ముందు, ఖాళీపడిన ఉపాధ్యాయస్థానములను నింపుడని పాలకులను కోరుచున్నాము.